ప్రపంచ జానపదం వినాలంటే ముందు ఫీల్డ్ రికార్డింగులా, స్టూడియో ఆల్బమ్‌లా?

రీలుపెట్టె:
"వేరే దేశాల జానపదం వినాలనుంది, ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు?" అని ఎవరు అడిగినా జవాబులు అవే మూడు నాలుగు. క్యూబా సంగీతకారులతో చేసి 1997లో వేసిన బ్వేనా విస్తా సోషల్ క్లబ్. బల్గేరియా ఆడవాళ్ల బృందగానం. మాలి దేశపు అలీ ఫర్కా తూరే, అమెరికా గిటారిస్టు రై కూడర్ కలిసి చేసిన టాకింగ్ టింబక్టూ. బాగుండవని కాదు, నేనూ వింటాను. కానీ ఇవన్నీ బయటి శ్రోతకు ఎక్కడా గుచ్చుకోకుండా ఎవరో ఒక నిర్మాత నునుపు చేసి ఇచ్చినవి. వీటికి అలవాటుపడ్డ చెవి ఆ తర్వాత ఊరి గొంతు వింటే "రికార్డింగ్ బాగోలేదు" అంటుంది, అక్కడితో సరి.

అందుకే నా మాట ఇది: మొదలే ఫీల్డ్ రికార్డింగులతో, అంటే పాడేవాళ్లు ఉన్న చోటికే మైకు తీసుకెళ్లి పట్టినవాటితో పెట్టండి. అమెరికా జానపద సేకర్త అలన్ లోమాక్స్ ఊరూరా తిరిగి చేసినవి 17,000కు పైగా 2012 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1948లో మోజెస్ ఆష్, మరియన్ డిస్లర్ మొదలుపెట్టిన అమెరికా రికార్డు కంపెనీ ఫోక్‌వేస్ కేటలాగు రెండు వేల ఆల్బమ్‌లు దాటింది. 1987లో స్మిత్సోనియన్ సంస్థ దాన్ని తీసుకున్నప్పుడు షరతు ఒకటే: అమ్ముడైనా కాకపోయినా ఏ ఒక్క ఆల్బమూ దొరక్కుండా పోకూడదు. ఫ్రెంచి రేడియోవాళ్ల రికార్డు కంపెనీ ఓకోరా ఉంది. హ్యూ ట్రేసీ 1954లో పెట్టిన ఆఫ్రికా సంగీత లైబ్రరీ ఉంది. ఇంత ఉండగా అందరూ చెప్పే నాలుగింటి దగ్గరే ఆగిపోవడం ఎందుకు?

హెడ్‌ఫోన్స్_తీయను:
అంటే కొత్తగా వచ్చేవాడికి గుమ్మంలోనే పరీక్ష పెడతారన్నమాట. పాసైతేనే లోపలికి!

"నునుపు" అన్నారు కాబట్టి అడుగుతున్నా. మాలి దేశపు తుమానీ దియాబాతే ఆల్బమ్ కైరా (1988) విన్నారా? స్టూడియోలో చేసిందే. ఒక్క మనిషి, ఒక్క కోరా (పశ్చిమ ఆఫ్రికా తంత్రీవాద్యం), పైన ఇంకే ట్రాకూ కలపలేదు. 21 తీగల ఆ వాయిద్యాన్ని రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లతోనే మీటుతారు. కింది స్వరాల మీద నడక ఒకటి ఆగకుండా సాగుతుంటుంది, దాని మీద పాట, ఆ పాట మధ్యలోంచి ఉన్నట్టుండి కిందికి దూకే స్వరాల జల్లు. ముగ్గురు వాయిస్తున్నారనుకుంటాం. పదిమంది మాట్లాడుకునే చోట పెట్టిన ఒక్క మైకులో ఇందులో సగం కూడా వినబడదు. వాయించినవాడేమో తరతరాలుగా పాట, వాయిద్యమే వృత్తిగా ఉన్న జెలీల కుటుంబంలోంచి వచ్చినవాడు, తండ్రి సిదికీ కూడా పేరున్న కోరా విద్వాంసుడే. స్టూడియో గోడలున్నంత మాత్రాన సంప్రదాయం పారిపోతుందా?

మూడు_నిమిషాలు:
బల్గేరియా సంగతి కాస్త వివరంగా చూద్దాం. మీ ఇద్దరి గొడవా అక్కడే ఉంది.

ఆ పాటల్ని బయటి ప్రపంచానికి చేర్చింది స్విట్జర్లాండ్‌కు చెందిన మార్సెల్ సెలియే 1975లో వేసిన డిస్కు. 1986లో 4ఏడీ అనే బ్రిటిష్ కంపెనీ దాన్ని మళ్లీ విడుదల చేస్తే రాక్ సంగీతం వినేవాళ్లు ఎగబడి కొన్నారు. రెండో భాగానికి గ్రామీ కూడా వచ్చింది. చాలామంది అనుకునేది ఏమిటంటే, ఏదో కొండ ఊళ్లో అమ్మలక్కలు పొలం గట్టున పాడుకుంటుంటే మైకు పెట్టారని. కాదు. ముఖ్యంగా పాడింది ప్రభుత్వ రేడియో బృందం. ఇలాంటి బృందాలకు దారి వేసినవాడు ఫిలిప్ కుతెవ్. ఆయన 1951లో ప్రభుత్వం తరఫున జానపద బృందం పెట్టి, పల్లెల నుంచి మంచి గొంతులు ఏరి తెచ్చి, వాళ్ల పాటలకు కొత్తగా పలు గొంతుల అమరిక రాశాడు. తర్వాతి స్వరకర్తలూ అదే బాట పట్టారు.

మరి పల్లెలో ఎలా పాడేవాళ్లు? సోఫియా చుట్టుపక్కల షోప్ ప్రాంతంలో పాత పద్ధతి రెండు గొంతులే. ఒకటి పాట నడిపిస్తుంది, రెండోది ఆధారస్వరం పట్టుకుంటుంది. రెండూ చాలాసార్లు పక్కపక్క స్వరాల మీదే నిలబడి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. మనకు అపశ్రుతిలా తోచే ఆ ఒరిపిడి వాళ్లు కావాలని తెచ్చుకునేదే, గొంతులు గంటలా మోగాలని. డిస్కులో ఒళ్లు ఝల్లుమనిపించేది ఆ పల్లె ఒరిపిడి. దాని చుట్టూ పరుచుకున్న వెడల్పంతా స్వరకర్తది.

రీలుపెట్టె:
చూశారా, నా వాదనకే బలం చేకూర్చారు. పల్లె జంట గొంతులు ముందు విన్నవాడికే కదా ఏది ఎవరిదో తెలిసేది.

మూడు_నిమిషాలు:
తొందరపడకండి సార్, ఇంకా సగమే చెప్పాను. ఫీల్డ్ రికార్డింగ్ అంటే ఎవరి చెయ్యీ పడనిది అనుకోవడం కూడా అలాంటి భ్రమే.

1950లో హ్యూ ట్రేసీ కెన్యాలో కిప్సిగిస్ తెగ అమ్మాయిల పాట ఒకటి రికార్డు చేశాడు. పేరు చెమిరోచా. చిన్న తంత్రీవాద్యం, లేత గొంతులు, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ఒకే వరస. ఏమీ చెప్పకుండా వినిపిస్తే ఏ కాలం నాటిదో అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, ఆ ప్రాంతానికి గ్రామఫోనుతో పాటు అమెరికా కంట్రీ గాయకుడు జిమ్మీ రాజర్స్ రికార్డులు వచ్చాయి. ఆ పేరే అక్కడివాళ్ల నోట చెమిరోచా అయింది. అతన్ని సగం మనిషి, సగం జింక అనుకుని, వచ్చి ఆడమని పిలుస్తూ పాడారు. మీ స్వచ్ఛమైన ఫీల్డ్ రికార్డింగుకు మూలం ఒక కంపెనీ అమ్మిన డిస్కు!

ఇంకోటి. నేను ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ డిస్కు ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. తెల్లవార్లూ సాగే కథాగానమైనా అంతలో తెంచాల్సిందే. పాత రికార్డింగుల్లో పాటలన్నీ పొందిగ్గా ఉన్నాయంటే అది సంప్రదాయం గొప్పతనం కాదు, డిస్కు కొలత. అమెరికా జానపదానికి ఆధారంగా అందరూ చెప్పే హ్యారీ స్మిత్ సంకలనం (1952) తీసుకోండి. 84 పాటలు. అన్నీ 1920ల చివర, 1930ల మొదట్లో కంపెనీలు అమ్మకానికి వేసిన డిస్కుల్లోంచి ఏరినవే. ఊళ్లోకి మైకు మోసుకెళ్లి పట్టుకొచ్చినవి కావు.

కొత్తచెవి:
చెమిరోచా ఇప్పుడే విన్నా అన్నా. ఇది తెలియకుండా వినుంటే వేరేలా వినేవాణ్ని. అసలు పాటలో అదో చిన్న కొంటెతనం ఉంది, ఇప్పుడే వినబడుతోంది.

పేరు_లేని_గొంతు:
స్వచ్ఛం, అస్వచ్ఛం అని కొట్టుకుంటున్నారు గానీ పాడిన మనిషి గురించి ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. "ఉచితంగా దొరుకుతాయి" అన్నారు రీలుపెట్టె గారు. ఎవరి సొమ్మండీ ఉచితంగా దొరికేది?

సాలమన్ దీవుల్లో మలైటా అనే దీవి ఉంది. 1970 ప్రాంతంలో అక్కడ హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు అఫునక్వా అనే ఆమె పాడిన జోలపాట రికార్డు చేశాడు. తండ్రి లేని తమ్ముణ్ని ఊరుకోబెట్టే పాట. అది యునెస్కో డిస్కుగా వచ్చింది. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి జంట ఆ గొంతును తీసుకుని కింద డ్రమ్ములు, సింథసైజర్ పరిచింది. ప్రపంచమంతా మోగింది. ఆల్బమ్ మీద ఆమె పేరు లేదు. ఆల్బమ్ ధోరణి చూసి జనం అది మధ్య ఆఫ్రికా అడవుల పాట అనుకున్నారు. అంతటితో ఆగలేదు. 1996లో నార్వే శాక్సఫోన్ విద్వాంసుడు యాన్ గర్బారెక్ అదే వరసను పిగ్మీ జోలపాట అన్న పేరుతో వాయించాడు. పసిఫిక్ దీవిలో పాడిన పాట అలా ఆఫ్రికాది అయిపోయింది. స్టీవెన్ ఫెల్డ్ అనే అమెరికా సంగీత పరిశోధకుడు 2000లో దీని మీద వివరంగా రాశాడు, ఆసక్తి ఉన్నవాళ్లు వెతికి చదవండి.

దీనికి వ్యతిరేకమైనదీ ఒకటుంది. 1959లో మిసిసిపీలోని పార్చ్‌మన్ జైల్లో ఖైదీలు కట్టెలు కొడుతూ పాడుతుంటే లోమాక్స్ రికార్డు చేశాడు. ముందు గొంతు జేమ్స్ కార్టర్ అనే ఆయనది. 2000లో ఒక హాలీవుడ్ సినిమా ఆ పాటతోనే మొదలైంది, సంగీతం ఆల్బమ్ లక్షల్లో అమ్ముడైంది. అప్పుడు ఆయన ఎక్కడున్నాడో వెతికి పట్టుకుని 20,000 డాలర్ల చెక్కు ఇచ్చారు. తాను ఆ పాట పాడిన సంగతే ఆయనకు సరిగ్గా గుర్తులేదట. వెతకడం ఎలా కుదిరింది? రికార్డు చేసినప్పుడు పేరు రాసుకున్నారు కాబట్టి. ఫీల్డా, స్టూడియోనా అన్నది నాకు తర్వాతి ప్రశ్న. పేరు రాశారా లేదా అన్నదే మొదటిది.

రీలుపెట్టె:
పేరు_లేని_గొంతు గారూ, దీన్ని నేను కాదనను. కానీ గమనించండి, అఫునక్వా పేరు ఈరోజు మనకు తెలుస్తోందంటే జెంప్ రాసుకోబట్టే. పేరు పోగొట్టింది స్టూడియో.

హెడ్‌ఫోన్స్_తీయను:
స్టూడియో కాదు, ఆ స్టూడియోలో కూర్చున్న ఇద్దరు. తేడా ఉంది.

నేను నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఉదాహరణ చెప్తాను. 1985 ప్యారిస్ కచేరీని ఓకోరా ఉన్నదున్నట్టు విడుదల చేసింది. ఒక్కో కవ్వాలీ నిదానంగా రాజుకుంటుంది, ఆలాపన తీరిగ్గా సాగుతుంది, మాట పట్టుకుని పది రకాలుగా తిప్పుతాడు. 1990లో రియల్ వరల్డ్ కంపెనీకి గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన మస్త్ మస్త్ ఆల్బమ్‌లో అదే మనిషి గిటార్లు, కీబోర్డుల మధ్య చిన్న చిన్న పాటలు పాడాడు. చాదస్తులు తిట్టారు. నేను మాత్రం రెండో దాని నుంచే మొదటి దానికి వెళ్లాను. ముందే ప్యారిస్ కచేరీ చేతిలో పెట్టి "ఇది విను, లేకపోతే నీకు అర్హత లేదు" అనుంటే వెళ్లేవాణ్నే కాదు.

రీలుపెట్టె:
మీరు వెళ్లారు సరే. వెళ్లనివాళ్ల మాటేమిటి? మస్త్ మస్త్ దగ్గరే కూర్చుని "కవ్వాలీ తెలుసు" అనేవాళ్లు లేరా?

పైగా ఒక విషయం ఎవరూ అనడం లేదు. స్టూడియో కంపెనీలు "కనిపెట్టిన" వాళ్లలో చాలామందిని ఫీల్డ్ రికార్డిస్టులు అంతకుముందే పట్టుకున్నారు. రొమేనియాలో క్లెజాని ఊరి రోమా (జిప్సీ) వాయిద్యకారులు 1991లో తరఫ్ ద హైదూక్స్ పేరుతో ప్రపంచానికి తెలిశారు. వాళ్ల ఊరి సంగీతాన్ని స్పెరాంత్సా రదులెస్కు అనే పరిశోధకురాలు రికార్డు చేస్తే ఓకోరా 1988లోనే వేసింది. కాంగో బృందం కొనోనో నంబర్ వన్‌ది కూడా అంతే. వాళ్ల ఆల్బమ్ కాంగోట్రానిక్స్ 2004లో వస్తే కొత్త అద్భుతమన్నారు. 1978లో కిన్షాసాలో రికార్డయి 1986లో ఓకోరా డిస్కులో వచ్చినవాళ్లే.

మూడు_నిమిషాలు:
కొనోనోని మీ పక్షానికి లాగుతున్నారా! వాళ్లు వాయించేది లికెంబె, బొటనవేళ్లతో ఇనుప రేకులు మీటే వాయిద్యం. అదేమో నగరం రొదలో వినబడదు. దాంతో కారు విడిభాగాల్లోని అయస్కాంతాలతో సొంతంగా మైకులు చేసుకున్నారు, పాత లౌడ్‌స్పీకర్లు తగిలించారు. ఆ బరబర శబ్దమే వాళ్ల ముద్ర అయింది. 1978 టేపులోనైనా 2004 ఆల్బమ్‌లోనైనా కరెంటు లేని కొనోనో లేదు.

కొయ్యగుర్రం:
ఇన్ని పోస్టులు వచ్చినా ముజికాష్ పేరెత్తలేదేం? హంగరీ బృందం, 1993 నాటి మారామరోష్ ఆల్బమ్. రీలుపెట్టె గారి సిద్ధాంతానికి అసలు చిక్కు అక్కడుంది.

ట్రాన్సిల్వేనియాలో యూదుల పెళ్లిళ్లకు వాయించిన బృందాలు రెండో ప్రపంచ యుద్ధం నాటి నరమేధంలో తుడిచిపెట్టుకుపోయాయి. మనుషులే లేరు, ఇక ఏ ఊరికి మైకు పట్టుకెళ్తారు? జోల్తాన్ షిమోన్ అనే సంగీత పరిశోధకుడు రాసిపెట్టిన స్వరాలు కొన్ని మిగిలాయి. అవి చూసి వాయిస్తే స్వరం వస్తుంది, నడక రాదు. విల్లు ఎక్కడ నొక్కాలి, తాళాన్ని ఎక్కడ కాస్త వెనక్కి లాగాలి అన్నది కాగితం మీద ఉండదు. అప్పుడు వాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది, యుద్ధానికి ముందు యూదుల వేడుకల్లో వాయించిన రోమా వాయిద్యకారుల దగ్గరికి. వయొలిన్ వాయించే ఘోర్ఘే కొవాచి, సింబాలమ్ (చిన్న కర్రలతో కొట్టి వాయించే తంత్రీవాద్యం) వాయించే అర్పాద్ తోని. ఇద్దరూ ముసలివాళ్లు, ఇద్దరూ ఆ ఆల్బమ్‌లో వాయించారు. ఒక జాతి సంగీతం ఇంకో జాతి చేతివేళ్లలో దాక్కుని బతికిందన్నమాట. వాళ్లు తోడుగా ఉంటే బృందం ఆ పాటల్ని మళ్లీ కట్టింది. ఇది "నునుపు చేయడం" అంటే నేను ఒప్పుకోను.

హెడ్‌ఫోన్స్_తీయను:
👏 ఈ పోస్టు పైన పిన్ చేయాలి.

పేరు_లేని_గొంతు:
దీనికి జోడీగా ఇంకొకటి. ఫెల్డ్ పేరు పైన వచ్చింది కదా, ఆయనే 1991లో పాపువా న్యూగినీలోని బోసవి అడవి మీద ఒక ఆల్బమ్ చేశాడు. అన్నీ అక్కడ రికార్డు చేసినవే: పిట్టలు, వాన, సాగో (ఒక రకం తాటిచెట్టు బోదెలోని పిండి) దంచుతూ ఆడవాళ్లు పాడే పాటలు. కానీ వాటిని పొరలు పొరలుగా కలిపి, తెల్లవారుజాము నుంచి మళ్లీ రాత్రి వరకు ఒకే రోజు గడిచినట్టు కూర్చాడు. ఫీల్డా, స్టూడియోనా? రెండూ. రాయల్టీ బోసవి ప్రజల నిధికి వెళ్లేలా చూశాడు. నాకు నచ్చిన భాగం అది. రీలుపెట్టె గారు దీన్ని ఏ వరసలో పెడతారో చెప్పాలి.

కొత్తచెవి:
పెద్దలు అనుమతిస్తే ఒక అమాయక ప్రశ్న. నేను వినేదంతా ఫోన్‌లో. యాప్‌లో ఆల్బమ్ బొమ్మ, పాట పేరు, "వేరియస్ ఆర్టిస్ట్స్" అని తప్ప ఏమీ కనబడదు. మీరంతా చెప్పే ఊరు, ఏడాది, రికార్డు చేసినవాళ్ల పేరు ఎక్కడ దొరుకుతాయి? ఒక మంగోలియా పాట విన్నానో లేదో వెంటనే "నిద్రకు ప్రశాంత సంగీతం" ప్లేలిస్టు తెచ్చి నెత్తిన పెట్టింది 😅

మూడు_నిమిషాలు:
అమాయక ప్రశ్న కాదు తమ్ముడూ, ఇదే అసలు ప్రశ్న.

దేశం పేరుతో వెతకకు. వరల్డ్ మ్యూజిక్ అని అసలే వెతకకు. అది 1987లో లండన్‌లోని ఒక పబ్‌లో చిన్న రికార్డు కంపెనీలవాళ్లు కూర్చుని దుకాణంలో అర కోసం ఖాయం చేసిన పేరు, అందులో ఏదైనా పడుతుంది. రికార్డు చేసినవాళ్ల పేరుతో వెతుకు: హ్యూ ట్రేసీ, హ్యూగో జెంప్, సిమ్హా అరోమ్, డేవిడ్ లూయిస్టన్. ఒకరి చెవి నచ్చితే ఆ చెవి వెంట పది దేశాలు తిరగొచ్చు. లూయిస్టన్ బాలీలో రికార్డు చేసిన గామెలాన్ (ఇండోనేషియా కంచు వాయిద్యాల బృందం) డిస్కు 1967లో వచ్చింది, దాంతో మొదలుపెట్టినా నష్టం లేదు. ఫోక్‌వేస్ ఆల్బమ్‌లకైతే పాత బుక్‌లెట్లు వాళ్ల వెబ్‌సైట్‌లోనే పీడీఎఫ్‌లుగా ఉచితంగా దించుకోవచ్చు. పాటల మాటలు, వాయిద్యాల వివరాలు, ఒక్కోసారి రికార్డు చేసినవాడి విసుగు కూడా వాటిలో ఉంటాయి.

యాప్ చూపించే ఏడాదిని నమ్మకు. యునెస్కో వేసిన ప్రపంచ సంగీతం డిస్కుల వరస 1961లో మొదలైంది, ఫోక్‌వేస్ వాటిని 2014 నుంచి మళ్లీ విడుదల చేసింది. అందుకని యాభై ఏళ్ల నాటి గొంతు పక్కన కొత్త ఏడాది కనబడుతుంది.

కొయ్యగుర్రం:
ఇంకో దారి: 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు డిస్కు. 27 ముక్కలు. బాక్, బీథోవెన్ తీసేసినా జావా గామెలాన్, బల్గేరియా నుంచి గాయని వాల్యా బల్కాన్‌స్కా, కాకసస్ దేశం జార్జియా బృందగానం, అమెరికా ఆదివాసులైన నవాహోల రాత్రి మంత్రం, సాలమన్ దీవుల వెదురు పిల్లనగ్రోవులు, హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాట ఉన్నాయి. ఏది చెవిని పట్టుకుంటే అటు వెళ్లడమే.

రీలుపెట్టె:
బోసవి ఆల్బమ్ గురించి అడిగారు. దాన్ని నా వరసలోనే పెడతాను. అక్కడ ఏళ్ల తరబడి ఉండి, భాష నేర్చుకున్న మనిషి చేసిన కూర్పు అది. స్టూడియోకు మనుషుల్ని పిలిపించి వారంలో తేల్చేసినది కాదు. మారామరోష్‌కూ అదే వర్తిస్తుంది, వాళ్లూ ఊళ్లకు వెళ్లే నేర్చుకున్నారు. అంటే నా గీత మైకు ఎక్కడ పెట్టారన్న దగ్గర లేదు, ఎంతకాలం కూర్చున్నారన్న దగ్గర ఉంది. ఇంతకంటే వెనక్కి తగ్గను.

హెడ్‌ఫోన్స్_తీయను:
గీత జరిపారు, చూస్తూనే ఉన్నాం 🙂 ఆ లెక్కన బ్వేనా విస్తా కూడా మీ గీత లోపలికే వస్తుంది సార్. హవానాలో ఆరు రోజుల్లో రికార్డు చేశారు, నిజమే. పాడినవాళ్లు, వాయించినవాళ్లు మాత్రం జీవితమంతా ఆ సంగీతంలో ఉన్నవాళ్లు.

రీలుపెట్టె:
వాళ్లు ఉన్నారు. నిర్మాత లేడు. నేను అంటున్నది నిర్మాత గురించి.

కొత్తచెవి:
అయ్యా, మధ్యలో దూరుతున్నా. పల్లెది ఒకటి, బృందానిది ఒకటి కలిపి జతలుగా చెప్పండి, పక్కపక్కన పెట్టి నేనే విని చూసుకుంటా. బల్గేరియా జత పైనే ఉంది. ఇంకొకటి?

మూడు_నిమిషాలు:
జార్జియా. 1902 నుంచి 1914 మధ్య గ్రామఫోన్ కంపెనీ అక్కడ తీసిన డిస్కుల సంకలనం ఒకవైపు. 1968లో అన్జోర్ ఎర్కొమాయిష్విలి పెట్టిన రుస్తావి బృందం ఇంకోవైపు. పాత డిస్కుల్లో పాడినవాళ్లలో ఆయన పూర్వీకులూ ఉన్నారు. చెల్లాచెదురైన ఆ డిస్కుల్ని విదేశీ భాండాగారాల్లోంచి వెతికి తెచ్చినవాళ్లలో ఆయనే ముఖ్యుడు. గురియా ప్రాంతం పాటల్లో మూడు గొంతులూ మూడు దారుల్లో వెళ్తుంటాయి, పైన క్రిమాన్‌చులి అనే గొంతు గిర్రున తిరుగుతూ ఎక్కడెక్కడో ఎగురుతుంది. పాత డిస్కులో మనుషులు ఒకరితో ఒకరు పోటీ పడుతున్నట్టుంటుంది. రుస్తావిలో అదే పాట అంచులు సమంగా కత్తిరించినట్టుంటుంది, కానీ ఏ గొంతు ఏం చేస్తోందో స్పష్టంగా తెలుస్తుంది.

కొత్తచెవి:
ముందు ఏది?

రీలుపెట్టె:
పాత డిస్కు.

హెడ్‌ఫోన్స్_తీయను:
రుస్తావి. మూడు గొంతులూ విడివిడిగా తెలిసొచ్చాక పాత డిస్కుకు వెళ్లు, అక్కడ ఆ గరగరలోనూ వాటిని పట్టుకోగలవు.

రీలుపెట్టె:
అతని మాట వినకు. గరగరకు ముందు అలవాటుపడు.